జీడి నూనె మీద తెల్ల రంగు

మా బావకి రాని పని లేదు. ఈ మాట నేనన్నది కాదు, ఆయన అనుకునేది. పంపుసెట్టు మోటారు పాడైతే విప్పుతాడు. మిక్సీ పాడైతే విప్పుతాడు. గోడ గడియారం బాగానే నడుస్తుంటే, ఇంత బాగా ఎలా నడుస్తోందో చూద్దామని విప్పుతాడు. తిరిగి బిగించాక రెండు మూడు మరలు చేతిలో మిగిలిపోతాయి. "కంపెనీవోడు ఎక్కువ పెట్టేసినాడే" అని వాటిని డబ్బాలో వేసుకుంటాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. నాలుగో కాలు చూపిస్తే అది కూడా కంపెనీవాడు ఎక్కువ పెట్టిందే అవుతుంది.

ఆయన పేరు త్రినాథరావు. మా మేనమామ కొడుకు, మా అప్ప, అంటే మా అక్క, కాసులమ్మ మొగుడు. వాళ్ళకి పిల్లలు కలగలేదు. వాళ్ళ ఎదురిల్లే మాది. నేను అంగన్‌వాడీ టీచర్ని. పొద్దున్న పిల్లల మీద అరవడం, సాయంత్రం మా బావ మీద అరవడం నా పని. పిల్లలైనా ఎదురు చెప్తారు గాని ఆయన చెప్పడు. నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

మా ఊరు ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం వైపు. మెయిన్ రోడ్డు దిగితే కొబ్బరి తోటల మధ్య, జీడి తోటల మధ్య ఇసుక బాట. ఆటోవాళ్ళు రోడ్డు మీదే దించేసి "దగ్గరే, నడిసెల్లిపోండి" అంటారు. బతిమాలితే లోపలికొస్తారు, వచ్చినంతసేపూ సణుగుతారు. ఆ బాటలో ఎండైనా వానైనా ఆగకుండా తిరిగేది మా బావ జీపు ఒక్కటే.

ఆ జీపుని పెళ్ళయిన కొత్తలో టెక్కలిలో ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్నాడు. కొబ్బరికాయలు వేసుకుని పలాస వెళ్ళేది. పెళ్ళివాళ్ళని మోసింది, నొప్పులొచ్చిన ఆడవాళ్ళని మోసింది, ఎన్నికలొస్తే అన్ని పార్టీలవాళ్ళనీ మోసింది. తిత్లీ తుఫానులో కొబ్బరిచెట్టు విరిగి దాని మీద పడితే మా బావే సుత్తి పుచ్చుకుని సాగగొట్టాడు. అప్పట్నుంచి దాని టాపు మా ఊరి రోడ్డులాగే ఎత్తుపల్లాలుగా ఉంటుంది. తలుపొకటి ఆకుపచ్చది, వేరే జీపుది. బానెట్టు నీలం. వెనకవైపు తుప్పే రంగు. అసలు రంగు తెలుపని, ముందు అద్దం కింద చారెడు చోట చూస్తే తప్ప తెలియదు.

మూడేళ్ళ కిందట మా అప్పకి కాళ్ళు వాచాయి. మా వైపు కాళ్ళు వాచాయంటే కిడ్నీలే. ఏమైందని ఎవరూ అడగరు, క్రియాటినిన్ ఎంత అని అడుగుతారు. సంతకం పెట్టడం రాని ముసలమ్మలు కూడా ఆ మాట తప్పు లేకుండా పలుకుతారు. కొన్నాళ్ళు మందులతో గడిచింది. తర్వాత డయాలసిస్‌లో పడింది. సోమ, బుధ, శుక్రవారాలు పలాస వెళ్ళాలి. పొద్దున్న వెళ్తే సాయంత్రానికి ఇల్లు చేరతారు.

డయాలసిస్ కోసం ఎడమ చేతికి చిన్న ఆపరేషన్ చేసి లోపల రక్తనాళాలు కలిపారు. ఫిస్టులా అంటారు దాన్ని. సూదులన్నీ ఆ చేతికే గుచ్చుతారు. ఆ చేత్తో బిందె ఎత్తకూడదు, దానికి గాజులు వేసుకోకూడదు, ఆ పక్కకి తిరిగి పడుకోకూడదు. "ఈ సెయ్యి బాగుంటే నువ్వు బాగున్నట్టు" అని మొదటిరోజే నర్సు చెప్పి పంపింది. మా అప్ప ఆ చేతిని చంటిబిడ్డలా చూసుకునేది. మెత్తటి పాత చీర ముక్క చుట్టి, నడిచేటప్పుడు కుడిచేత్తో పట్టుకుని నడిచేది.

కనపడ్డదల్లా విప్పే మనిషికి, విప్పి చూడ్డానికి వీల్లేని జబ్బు వచ్చి ఇంట్లో కూర్చుంది. మా బావకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. డయాలసిస్‌వాళ్ళు నీళ్ళు కూడా కొలిచి తాగాలి కదా. మా అప్ప రోజుకిచ్చిన నీళ్ళని గుక్కలు గుక్కలుగా దాచుకు తాగేది. ఆమె ఎదురుగా తాను తాగలేక మా బావ పెరట్లోకి పోయి, బోరింగు దగ్గర వంగి, దొంగలా దోసిలితో తాగొచ్చేవాడు. మూతి తుడుచుకుని మరీ లోపలికెళ్ళేవాడు. నాకు తిట్టాలనిపించని పని ఆయన చేసింది అదొక్కటే.

ఆయన చేతుల్లో ఉన్న సాయమల్లా జీపే. డయాలసిస్ అయ్యాక మా అప్ప కూర్చోలేకపోయేది. కళ్ళు తిరుగుతాయి, పిక్కలు పట్టేస్తాయి. జీపు వెనక పొడుగు సీటు మీద బొంత పరిచి, ఆమెని పడుకోబెట్టి, ఇసుక బాటలో నెమ్మదిగా, నిండు కుండ మోస్తున్నట్టు తెచ్చేవాడు. ఒకసారి జీపు రిపేరులో ఉంటే ఆటోలో వచ్చారు. కాశీబుగ్గ దాటకుండానే ఆమె స్పృహ తప్పి, పక్కవాళ్ళ కాళ్ళ మీద పడిపోయింది. చీర తొలగిపోయింది, అందరూ చూశారు. ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి చెప్పింది:

"మావా, నానింక ఆటో ఎక్కను. జీపు నేకపోతే నన్నింట్లోనే ఒగ్గేయి. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళుంతాను."

ఉట్టి మాట కాదది. మా చుట్టుపక్కల ఊళ్ళలో అలా డయాలసిస్ మానేసి ఇంట్లో పడుకున్నవాళ్ళున్నారు. వాళ్ళు ఎన్నాళ్ళున్నారో కూడా మాకు తెలుసు. అందుకని జీపు తిరిగినంతకాలమే మా అప్ప అని మా బావ మనసులో రాసిపెట్టుకున్నాడు.

అలాంటి జీపుకి రిజిస్ట్రేషన్ గడువు అయిపోవచ్చింది. పాత బండి కాబట్టి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి సరే అంటేనే మళ్ళీ కాగితం ఇస్తారు. మా బావ మంగళవారం పూట టెక్కలి తీసుకెళ్ళాడు. ఇన్‌స్పెక్టర్ చెడ్డవాడేం కాదు. జీపు చుట్టూ తిరిగి, లోపల నేల రేకు మీది తుప్పుని బూటుతో నొక్కితే బూటు ముక్కు అవతలికి వెళ్ళిందట. "రికార్డులో వైట్ అని ఉంది, బండి చూస్తే సంతలా ఉంది. నేల అతికించి, తుప్పు లేకుండా చేసి, ఒకటే రంగు వేసి నెలాఖరు గురువారం తీసుకురా. చూస్తాను" అన్నాడట. ఆ రోజు దాటితే జీపు రోడ్డెక్కకూడదు.

కాశీబుగ్గలో రంగులేసే షెడ్డుకి వెళ్తే, బండి రెండు వారాలు ఒదిలెయ్యాలన్నారు. రెండు వారాలు కాదు కదా, మా అప్పకి మూడు రోజులు వరుసగా జీపు లేకుండా కుదరదు. డయాలసిస్ లేని రోజుల్లో పని చెయ్యాలి, ఉన్న రోజు పొద్దున్నకి బండి కదలాలి. అలా ఏ షెడ్డువాడు చేస్తాడు?

"నానే ఏసుకుంతాను" అన్నాడు మా బావ.

"ఏటేసుకుంతావు? ఇంటికి సున్నం ఏస్తే కిటికీ అద్దాలకి కూడా ఏసినావు" అన్నాను.

నవ్వాడు.

ఇంటి పక్కన కొబ్బరాకుల పందిరి వేసి, జీపుని దాని కింద పెట్టాడు. కాశీబుగ్గ నుంచి ఉప్పుకాగితాలు, పుట్టీ, ఎర్ర ప్రైమరు, తెల్ల ఎనామిలు, బ్రష్షులు తెచ్చాడు. మంగళ, గురు, శని, ఆదివారాలు గీకుడే గీకుడు. నేలకి పడ్డ కంతలకి నూనె డబ్బాల రేకు కోసి రివెట్లు కొట్టాడు. కొబ్బరి పీచు ఎగిరొచ్చి తడి పుట్టీ మీద అతుక్కునేది. మా కోడిపుంజు బానెట్టెక్కి పుట్టీ మీద నడిచి, కాళ్ళ గుర్తులు వేసిపోయింది. మా బావ దాని వెంట పరిగెత్తుతుంటే అరుగు మీద మంచంలో కూర్చున్న మా అప్ప, చేతిని ఒళ్ళో పెట్టుకుని, కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆ నవ్వు కోసమైనా ఈ పిచ్చి పని సాగనీ అనుకున్నాను.

కానీ పని సాగలేదు. సముద్రం గాలి ఊరుకోదు కదా. ఒకరోజు పొద్దున్నే మా బావ నన్ను కేకేశాడు.

"సూడే భానూ. నిన్న సందేళకి అద్దంలాగ గీకినాను. తెల్లారేసరికి మళ్ళీ ఎర్రగైపోనాది."

"గీకిన ఎంటనే ప్రైమరు ఎయ్యాల బావా."

"ఆ పక్క ఏసినాను. దాని కిందనుంచి కూడా పొక్కొచ్చేత్తంది."

నిజమే, ప్రైమరు వేసిన చోట కూడా చిన్న చిన్న పొక్కులు. ఆయన వాటిని గోటితో గిల్లుతూ నిలబడ్డాడు. గిల్లిన చోటల్లా కింద ఎర్రటి పొడి. ఎండకి కాదు, ఆ మొహం వాడిపోవడం వేరేలా ఉంది. గురువారం దగ్గరపడుతోంది.

ఆ రోజు సాయంత్రమే ఆయనకి ఆలోచన వచ్చింది. మా ఊళ్ళో ఎవరికైనా వచ్చే ఆలోచనే అది. జీడి పిక్కల తొక్కలోంచి తీసే నల్లటి నూనె ఉంటుంది. చెదలు పట్టకుండా తలుపులకీ దూలాలకీ దాన్నే రాస్తాం. అటు డొంకూరు నుంచి ఇటు తీరం చివరిదాకా బెస్తవాళ్ళు పడవలకి రాసేదీ అదే. ఉద్దానంలో పుట్టినవాడికి, ఏ వస్తువైనా నాలుగు కాలాలు నిలవాలంటే ముందు గుర్తొచ్చేది జీడి నూనే.

"ఏళ్ళ తరబడి ఉప్పునీట్లో నానే పడవకి ఏటీ అవదు. గాలికుండే జీపుకేటవుతాది? తుప్పు మీద జీడి నూనె పట్టించేసి, పైన తెల్లరంగు ఏసేత్తాను."

"పడవ కర్ర బావా. కర్రకి తుప్పేటి?"

"కర్రకి పుచ్చు, ఇనుముకి తుప్పు. రెండూ ఒకలాటి జబ్బులే."

జీడి పిక్కల బట్టీ నడిపే పోలయ్య దగ్గరికి టిన్ను పట్టుకుని వెళ్ళాడు. "ఇనుముకి రాసినోళ్ళని నాను సూడనేదు బావూ" అన్నాడట పోలయ్య. "నాను రాసి సూపిత్తాను" అని మా బావ టిన్ను నింపించుకొచ్చాడు.

జీడి నూనె ఒంటికి తగిలితే కాలుతుందని మాకెవరూ చెప్పక్కర్లేదు. పిక్కలు కాల్చి ఒలిచే రోజుల్లో మా ఊళ్ళో పొక్కులు లేని చెయ్యి కనపడదు. మా బావకీ తెలుసు. మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకున్నాడు, వాటి మీద ప్లాస్టిక్ సంచులు కట్టుకున్నాడు. మా అప్పని అరుగు దిగొద్దన్నాడు. గాలి ఇంటివైపు కొడుతోందని తలుపులు కూడా మూయించాడు. అంత జాగ్రత్తపడ్డాడు. నేల, లోపలి పక్కలు, వెనక సీటు పక్కనుండే రేకు, తుప్పున్న చోటల్లా నూనె వేడిచేసి పట్టించాడు.

కర్ర నూనె తాగుతుంది. తాగి, ఎండకి గట్టిపడుతుంది. ఇనుము తాగదు. నూనె ఎక్కడికి పోతుంది? పైపైన తొక్క కట్టి, లోపల పచ్చిగానే ఉండిపోతుంది. ఈ ముక్క నాకు తర్వాత తెలిసింది, మా బావకీ తర్వాతే తెలిసింది. గడువుకి ముందు వారం గురువారం రాసి, శుక్రవారం పలాస వెళ్ళేముందు చూసుకుంటే వేలికి అంటలేదు, ఆ రోజు మబ్బు పట్టి ఎండా లేదు. శనివారం మొదటి పూత, ఆదివారం రెండో పూత తెల్లరంగు వేసేశాడు.

ఆదివారం సందేళకి జీపు తెల్లగా ఉంది. అక్కడక్కడ కారిన చారలున్నాయి, ఒక మూల దోమలు అతుక్కున్నాయి, కానీ తెల్లగా ఉంది. మా అప్ప అరుగు దిగి, దూరంగా నిలబడి చుట్టూ చూసింది.

"పెళ్ళికొడుకులాగున్నాది మావా."

"నానా, జీపా?" అన్నాడు.

"నువ్వు మన పెళ్ళప్పుడూ అలగ నేవు" అంది.

ముగ్గురం నవ్వుకున్నాం. ఆయన చాలాసేపు పందిరి కిందే ఉన్నాడు, ఒక చేత్తో ఈగలు తోలుకుంటూ. ఆ రాత్రి నేను కూడా, పోనీలే, ఈసారికి మరలేవీ మిగలకుండా బిగించాడు అనుకున్నాను.

సోమవారం పలాస వెళ్ళారు. వెళ్ళేటప్పుడు బానే ఉంది. మా అప్ప డయాలసిస్ మీదుండగా జీపు ఎండలో నిలబడింది. ఏప్రిల్ ఎండ, మా వైపు ఇనుము ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. లోపలి నూనె కరిగి, తెల్లరంగుని చీల్చుకుని పైకొచ్చింది. పాలమీద మీగడ ముడుచుకున్నట్టు రంగు ముడుచుకుంది, మధ్యలో గోధుమరంగు మరకలు. మా బావ చూశాడు. గురువారానికి ఇంకో పూత వేస్తే కప్పుకుపోతుందనుకున్నాడు. మా అప్పకి తగలకుండా వెనక సీటు మీదా, పక్క రేకు మీదా బొంత కప్పాడు. కప్పిన బొంత మీద ఆమె తన ఎడమచెయ్యి ఆనించి పడుకుంది. కుదుపుకి ఊగకుండా ఆ చేతిని ఆమె ఎప్పుడూ అక్కడే ఆనిస్తుంది. డయాలసిస్ అయిన నీరసంలో నిద్రపట్టేసింది.

బొంతలోంచి కూడా నూనె దిగింది. ఇంటికొచ్చాక చేతి గుడ్డకి గోధుమరంగు మరక కనపడింది. సూది గుచ్చేముందు ఆసుపత్రిలో తుడిచే మందు కూడా అదే రంగులో ఉంటుంది. అదే అంటుకుందనుకుని ఆమె ఆ గుడ్డతోనే పడుకుంది.

మంగళవారం పొద్దున్న మా బావ కేక విని నేను పరిగెత్తాను. మా అప్ప గుడ్డ విప్పేసి మంచం మీద కూర్చునుంది. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా చర్మం ఉబ్బి, ఎర్రగా కందిపోయి, దాని మీద నీటి పొక్కులు. సూదులు గుచ్చే చోటే అన్నిటికంటే పెద్దవి. మా బావ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, ముట్టుకోవాలని చెయ్యి చాచి, ముట్టుకోకుండా వెనక్కి తీసుకుంటున్నాడు.

"ఇదేటే భానూ? ఇదేటిది?" అని నన్నడిగాడు. తెలిసే అడిగాడు. నేను ఇంకేదైనా పేరు చెప్తానేమోనని అడిగాడు.

బొంత తెచ్చి చూశాను. చేతి గుడ్డ వాసన చూశాను. జీడి వాసన.

నాకు ఒళ్ళు తెలియలేదు. మూడేళ్ళుగా మా అప్ప కోసం దాచుకున్న ఏడుపంతా కోపమై బయటికొచ్చింది. "కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు సేసినావు కదా! ఎవులు రాయమన్నారు నిన్ను? షెడ్డోడికంటే నీకు ఎక్కువ తెలుసా? దాని సెయ్యి అది! దాని ప్రాణం అది!" ఇంకా ఏమేమో అన్నాను. ఎదురుగా మా ఇంట్లోంచి మా అత్త బయటికొచ్చి నిలబడింది. ఆయన నవ్వలేదు. నేను అరవడం ఆపేదాకా తల వంచుకుని ఉండి, తర్వాత లేచి, కిరసనాయిలు డబ్బా, పాత పంచె తీసుకుని జీపు దగ్గరికి వెళ్ళాడు. తుడవడం మొదలెట్టాడు. తుడిచినకొద్దీ తెలుపూ నలుపూ కలిసి బురదలా అలుక్కుపోతోంది. ఆయన తుడుస్తూనే ఉన్నాడు. ఎండ నడినెత్తికొచ్చినా తుడుస్తూనే ఉన్నాడు.

"రమ్మనే ఆయన్ని" అంది మా అప్ప. "ఎండ దెబ్బ తగిలేత్తాది."

వెళ్ళి పిలిచాను. రాలేదు. నేను చెయ్యి పట్టుకుని లాగితే వచ్చాడు, ఆయన చేతుల నిండా కూడా పొక్కులే.

బుధవారం పొద్దున్న వీధిలో ఆటో ఆగింది. మా బావ రోడ్డుదాకా నడిచెళ్ళి బతిమాలి తెచ్చాడు. ఆయన మా అప్పవైపు చూడలేకపోయాడు. ఆటో ఎక్కనని ఆమె అన్నమాట మా ముగ్గురికీ గుర్తుంది. ఎక్కనంటే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. ఆమె చెంగు భుజం చుట్టూ బిగించుకుని, ఆ చేతిని నా ఒళ్ళో పెట్టి, ఎక్కి కూర్చుంది. సెలవు పెట్టి నేనూ వెళ్ళాను.

డయాలసిస్ గదిలో సింధూర అని నర్సు ఉంటుంది. చిన్నపిల్లే, నోరు పెద్దది, మనసు మంచిది. పేషెంట్ పక్కన కూర్చోవడానికి అయినవాళ్ళని రానివ్వాలా వద్దా అనేది ఆ పిల్ల మాట మీదే ఉంటుంది. గుడ్డ విప్పగానే ఆమె మొహం మారిపోయింది. డాక్టర్ని పిలిచింది. ఆయన చూసి, పొక్కుల మీద సూది గుచ్చితే విషం రక్తంలోకి పోతుందని, పుండు మానేదాకా ఈ చెయ్యి ముట్టడానికి లేదని చెప్పాడు. మానాక కూడా ఈ నాళం పనిచేస్తుందో లేదో అప్పుడే చెప్పలేనన్నాడు. ప్రస్తుతానికి మెడలో పైపు పెట్టి డయాలసిస్ చెయ్యాలన్నాడు.

డాక్టరు వెళ్ళాక సింధూర అందుకుంది.

"ఏటిది కాసులమ్మా? ఇంతకాలం ఎంత జాగ్రత్తగా సూసుకున్నావు. ఇది జీడి కదా? నాది మందస, నాకు తెల్దా? ఎలగ తగిలింది?"

గుమ్మం దగ్గర మా బావ నిలబడి ఉన్నాడు. ఆయన పెదాలు కదిలాయి. నోట్లోంచి మాట బయటపడేలోపే మా అప్ప అంది.

"పిక్కలు ఒలిసినానమ్మా."

"పిక్కలా? ఈ సేత్తోనా?"

"తోటలో రాలిపోతన్నాయని, ఊసుపోక... నాలుగు ఒలిసినాను. తప్పయిపోనాది."

ఇంక సింధూర ఊరుకోలేదు. వార్డంతా వినేలా తిట్టింది. బుద్ధుందా అంది. నీలాంటివాళ్ళకి మేమెంత చేసినా ఇంతే అంది. ఇంట్లో మనుషులు లేరా, పిక్కలు ఒలవకపోతే పూట గడవదా అంది. పక్క మంచాల వాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆటోలో పడిపోయిన రోజు నలుగురు చూశారని గోడవైపు మొహం తిప్పుకున్న మనిషి, యాభై ఏళ్ళ మనిషి, ఇంతమంది ఎదురుగా తల వంచుకుని "అవునమ్మా, తప్పేనమ్మా" అంటూ కూర్చుంది. నేను నోరు తెరవబోతే నా వైపు ఒక్క చూపు చూసింది. మా అమ్మ చూపు అది. నా నోరు మూతపడింది.

మా బావ గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఒకడుగు లోపలికి వేశాడు, మళ్ళీ వెనక్కి వేశాడు. అటు చూసి సింధూర "నువ్వేటి బాబూ అలగ నిలబడిపోనావు, కాస్త సెప్పొద్దా మీ ఆవిడకి? ఒచ్చి పక్కన కూకో" అంది. ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. తన చేతులు పంచెలో దాచుకున్నాడు.

మెడలో పైపు పెట్టేటప్పుడు మమ్మల్ని బయటికి పంపేశారు. లోపల్నుంచి మా అప్ప మూలుగు ఒకసారి వినపడింది. మా బావ వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. నేను ఆ ముందురోజు ఎన్ని మాటలన్నానో, అంత కోపం కోసం లోపల వెతుక్కున్నాను. దొరకలేదు. జాలి వేసింది, భయం వేసింది, ఇద్దరిలో ఎవరిని చూసి ఎక్కువ ఏడవాలో తెలియలేదు.

రెండు రోజులు అక్కడే ఉంచారు. గురువారం వచ్చింది, వెళ్ళింది. టెక్కలిలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఎన్ని బండ్లు చూశాడో, మా బండి గుర్తొచ్చిందో లేదో. మా బావ మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. ఆ రోజంతా మా అప్పకి బత్తాయి తొనలు ఒలిచి, గింజ తీసి, డాక్టరు తినొచ్చన్న రెండు తొనలూ నోటికందించాడు. పొక్కుల చేతులకి గుడ్డలు చుట్టుకుని ఆ పని చెయ్యడానికి చాలాసేపు పట్టింది.

శుక్రవారం డయాలసిస్ మెడ పైపుతో చేసి, సాయంత్రం పంపించేశారు. మళ్ళీ ఆటోనే. మా అప్ప మా ఇద్దరి మధ్యా కూర్చుంది. తల మా బావ భుజం మీద పెట్టుకుంది. కట్టు కట్టిన చెయ్యి నా ఒళ్ళో ఉంది. కాశీబుగ్గ గేటు పడితే ఆటో ఆగింది. గూడ్సు బండి నెమ్మదిగా పోతోంది. అప్పుడు మా బావ అడిగాడు, డ్రైవరుకి వినపడకుండా.

"ఎందుకే అలగ సెప్పినావు? నలుగుర్లోన నువ్వెందుకు మాటలు పడాల? నానే రాసినానని సెప్పేద్దును కదా."

మా అప్ప కళ్ళు తెరవలేదు.

"నువ్వు సేసినావని తెలిస్తే నిన్ను లోపలికి రానిత్తారేటి? పక్కన కూకోనిత్తారేటి? రేపుమరి ఆ సూదులప్పుడు నాకెవులుంతారు?"

నేను ఆమె పక్కనే ఉన్నాను, చెయ్యి నా ఒళ్ళోనే ఉంది. అయినా ఆ మాట నాకు తప్పుగా తోచలేదు.

"నానుంతాను కదే" అన్నాడు మా బావ.

"అందుకే సెప్పనేదు" అంది మా అప్ప.

గూడ్సు వెళ్ళిపోయింది. గేటు లేచింది. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొట్టారు, ఆటో కదిలింది. ఇసుక బాట మొదట్లో డ్రైవరు ఆపి, ఇక్కణ్ణుంచి నడిచెళ్ళిపొమ్మన్నాడు. మా బావ దిగి, వెళ్ళి వాడి ముందు చేతులు జోడించి నిలబడ్డాడు.